బొటనవేలంత

పడవ రేవుకి తగలకముందే
మా అన్న మస్రూన్ లుంగీ ఎగ్గట్టి కూర్చుంటాడు.
ఎడమ పిక్కలో సగం లేదు.
ఓరా తినేసింది.
ఆ గుంటలో కోడిగుడ్డు కదలకుండా నిలబడుతుంది,
పిల్లలుంటే నిలబెట్టి చూపిస్తాడు కూడా.
ఫొటోకి ఇంత. తడిమి చూస్తే ఇంకొంత.

పక్కనే నా పట్టా, నా ఉలి.
ముందు తోక, తర్వాత వీపు, వంకర కాళ్లు,
చివర్న నాలుక.
ఎర్ర రంగు వేస్తే ధర పలుకుతుంది.
నిజం ఓరా నాలుక పసుపు.
నా దగ్గర ఇంతవరకూ ఎవరూ ఆ పేచీ పెట్టలేదు.

కొమోడోలో పుట్టినవాళ్లకి
ఓరా గురించి చెప్పడం చిన్నప్పుడే వస్తుంది:
ఇద్దరు మనుషుల్ని వరసగా పడుకోబెట్టినంత పొడవు,
దుప్పిని ఒక్కసారి కొరికి
రోజుల తరబడి వెనకాలే నడుస్తుంది,
బాకీ వసూలుకొచ్చిన వాడిలా,
తొందర లేకుండా,
గుమ్మం దగ్గర తల అటూ ఇటూ ఆడిస్తూ.
మనమూ అదీ ఒక కడుపున పుట్టిన కవలలం అంటారు పెద్దలు.
మా మేనత్త జుబైదా చీపురు పట్టుకుని
మేకల దొడ్డి ముందు నిలబడి
"అక్కా, దారి వదులమ్మా" అంటుంది.
అక్క ఒక్కోసారి వదులుతుంది.

నాన్న సంగతి ఎవరూ అడగరు.
అడిగినా చూపించడానికేం లేదు.

ఆ రోజు సముద్రం బాగా వెనక్కి తీసింది.
పగడాల గుంటల్లో మోకాళ్ల లోతు నీళ్లు.
నాకు తొమ్మిదేళ్లు, బుట్ట మోయడం నా పని.
చెల్లెలు రమ్లా గుంటల ఆటకి
గవ్వ ఒకటి తక్కువైందని
నాన్న వంగి ఏరాడు,
బొటనవేలంత నత్త.
దాని మీద గోధుమరంగు వల,
ఎవరో ఓపికున్న ఆడమనిషి
దీపం ముందు కూర్చుని అల్లినట్టు.
లుంగీ ముడిలో దోపుకున్నాడు.

"చీమ కుట్టినట్టుందిరా" అన్నాడు.
కాసేపటికి "పెదాలు నావి కావేమో" అని నవ్వాడు.
సగం దారిలో తెడ్డు పక్కన పెట్టాడు,
బీడీ వెలిగించుకోబోతున్నట్టు.
నేను తెడ్డు వేశాను.
తెడ్డు నాకంటే పొడుగు.
ఆయన నన్నే చూస్తూ ఉన్నాడు,
తర్వాత రెప్పలు వాటంతటవే దిగాయి.
మెడలో తల నిలబడలేదు.
లబువాన్ బాజో ఆస్పత్రికి నాలుగు గంటల దారి.
అన్నకి ఆ దారి సరిపోయింది,
నాన్నకి మా రేవే దూరమైంది.

కడిగేటప్పుడు నడుం మీద వెతికారు.
సూది మొనంత చుక్క.
అత్త పుట్టుమచ్చ అంది.

ఓరాకి అరవై పళ్లు.
దీనికి ఒక్కటే, వెంట్రుకంత సన్నం,
ఒకసారి వాడి పారేస్తుంది,
లోపల ఇంకోటి సిద్ధం.
ఓరా వస్తుంటే ఎండుటాకులు చెప్తాయి,
మేకలు చెప్తాయి, గాలి మారితే కంపు చెప్తుంది.
ఇది వస్తుంటే ఇసక కూడా మాట్లాడదు.
ఓరాని తిట్టగలం. దానికి మొహం ఉంది.
నత్తని తిడదామని ఒకరాత్రి రేవుకి వెళ్లాను,
ఎటు తిరిగి తిట్టాలో తెలియలేదు.

ఓరా దవడల మధ్య తీసేసిన చెక్క ముక్క
పారేయబుద్ధి కాదు.
నున్నగా చేసి, మొన తీసి,
మేకుతో వల గీస్తాను.
వల మాత్రం సరిగ్గా రాదు,
ఎక్కడో ఒక కన్ను పెద్దదైపోతుంది.
బిస్కెట్ల డబ్బా నిండింది.

మొన్న ఒకావిడ, సంచిలో బరువు లేనిదేమైనా ఉందా అంది.
డబ్బా తెరిచాను.
ఒకటి తీసి, తిప్పి, "ఇదేంటి?" అంది.
"నత్త" అన్నాను.
ఇంకో మాట నోటిదాకా వచ్చింది.
ఆవిడ దాన్ని మెల్లగా, జాగ్రత్తగానే, కింద పెట్టి
ఎర్ర నాలుక ఉన్న చిన్న ఓరాని కొనుక్కుంది.

రమ్లాకి ఇద్దరు పిల్లలిప్పుడు.
చెక్క గవ్వ ఇస్తే తీసుకోదు.
ఏడో గుంటలో ఒకటి తక్కువతోనే
వాళ్లకి ఆట నేర్పింది.

ఇంకో పడవ వస్తోంది.
అన్న కోడిగుడ్డు కోసం వెతుక్కుంటున్నాడు.